లేవను

లేవను. ఇప్పటికి పదకొండుసార్లు చెప్పాను, పన్నెండోసారి చెప్పే ఓపిక లేక కళ్ళు మూసుకుని స్టీరింగ్‌ని పొట్టకి హత్తుకున్నాను. ఈ బండికి స్టీరింగ్ ఊడి చేతిలోకొస్తుంది, అది పీకితే గాని లోపలివాళ్ళు బయటికి రాలేరు, అది తగిలిస్తే గాని బండి ఎటూ తిరగదు, అందుకే ఎక్కీ ఎక్కగానే పీకి ఒళ్ళో పెట్టుకున్నాను. భుజాల మీద రెండు, నడుముకి రెండు, తొడల మధ్య నుంచి రెండు, ఆరు బెల్టులూ బిగించుకుని అవన్నీ కలిసే బకిల్ మీద మోచెయ్యి అడ్డం పెట్టాను. ఒక్కరే పట్టే బండి ఇది. ఆ ఒక్కరూ నేనే అయి కూర్చుంటే ఇంకెవరూ కూర్చోలేరు, ఇంకెవరూ కూర్చోకపోతే ఇది ట్రాక్ మీదికి వెళ్ళదు, లెక్క చాలా తేలిక. పన్నెండున్నరకి ట్రాక్ గేటు మూసేస్తారు. ఇప్పుడు పదకొండూ నలభై. ఇరవై ముగ్గురం కాలేజీ వర్క్‌షాప్‌లో రెండేళ్ళు చెమటోడ్చి కట్టిన రేసు బండి, ముక్కు మీద నలభై ఏడో నంబరు, పక్కనే పొద్దున తనిఖీవాళ్ళు అంటించిన పచ్చ స్టిక్కరు, చూడ్డానికి అన్నీ సక్రమంగానే ఉన్నాయి, నేను తప్ప. వెల్డింగ్ చేసే పిల్ల వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని మొండికేసిందని చివరి షెడ్డు దాకా కబురు పాకిపోయింది, పక్క కాలేజీల వాళ్ళు కూల్‌డ్రింకులు పట్టుకుని మరీ వచ్చి చూస్తున్నారు. చూడండి, టికెట్టేం లేదు.

అంతా మాస్టారి ఫోనుతో మొదలైంది. మాకు వెల్డింగ్ నేర్పిన మాస్టారు పోటీకి రాలేదు, ఆ గోల నావల్ల కాదు, గెలిస్తే ఫోన్ చెయ్యండి, ఓడితే అస్సలు చెయ్యకండి అని వర్క్‌షాప్‌లోనే ఉండిపోయారు. పొద్దున పదిన్నరకి ఆయనే ఫోన్ చేశారు. "ఏమ్మా జిగురూ, నీ వంకర పిల్లని కూడా వెంటేసుకెళ్ళావా? మేకు బోసిగా ఉందే!" జిగురంటే నేనే, అతికించే దాన్ని గనక ఆ పేరు పెట్టారు, పట్టుకుంటే వదలనని కూడా. వంకర పిల్లంటే నేను జన్మలో మొదటిసారి వెల్డింగ్ చేసిన ముక్క, వర్క్‌షాప్ గోడకి మేకుకి వేలాడుతుంటుంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. నేను తీసుకురాలేదు మాస్టారూ అన్నాను. మరి ఎవరు తీశారు, ఊడ్చే ఆవిడని అడిగాను, వారం నుంచీ లేదంటోంది అన్నారాయన. వారం నుంచీ. మేం బండిని తిప్పి చూసిన ఆఖరి టెస్టు జరిగి ఎనిమిది రోజులైంది. ఫోన్ పెట్టేసి బండి ముందు చక్రాల వైపు చూశాను.

ఎందుకంటే ఆ ముక్క ఉత్తుత్తి ముక్కలా ఉండదు. ముందు చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ అని ఒకటుంటుంది, రెండు పైపులు ఒక కొసన కలిసి రెండో కొసన విడిపోతాయి, మూడు చోట్ల అతుకులు, కుడికొకటి ఎడమకొకటి. మంచి పైపు నా చేతికివ్వడానికి మాస్టారికి మనసొప్పలేదు, నేర్చుకునేటప్పుడు ఏదో ఒకటి తగలబెట్టు అన్నారు. పరీక్ష హాల్లోంచి విరిగిన కుర్చీలు తెచ్చి వెనక పడేసి ఉన్నాయి. ఒక కుర్చీ కాలు మందం చూస్తే మా పైపు లావే ఉంది, బయటికి మాత్రమే, లోపల రేకు పల్చన. దాన్ని కోసి, అసలు ఆర్మ్ చేసే చట్రంలోనే బిగించి, అవే కొలతలతో, చివర్న బోల్టు పట్టే గుండ్రాలతో సహా, నాతో మొత్తం ఒక ఆర్మ్ చేయించారు. కోస్తుంటే కుర్చీని కదలకుండా పట్టుకున్నవాడు బక్కోడు, ఇప్పుడు మా డ్రైవరు. నా అతుకుని వెలుతురులో తిప్పి చూసి మాస్టారు, "ఇది అతుకు కాదమ్మా, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు అపరిచితులు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పారెయ్యబోతుంటే బక్కోడు లాక్కుని, సుత్తి తెచ్చి, గోడకి మేకు కొట్టి, దాన్ని తగిలించి, "పెద్దయ్యాక గొప్పదానివైతే చూపిస్తాం" అన్నాడు. ఏడాదిన్నర అక్కడే వేలాడింది, తెలియనివాడు చూస్తే ముందుచూపుతో చేసి పెట్టుకున్న స్పేరు అనుకుంటాడు. తొందరలో ఉన్నవాడైతే మరీ. ఎవరో తీశారు, నల్లరంగు కొట్టారు, బిగించారు, ఎందుకు బిగించాల్సి వచ్చిందో నాకు తెలీదు, ఎవరో కూడా తెలీదు, ఇరవై రెండు మందినీ నిలబెట్టి అడిగాను, ఒక్కరూ ఒప్పుకోలేదు.

నాకు ఈ సీటు సరిపోదు, వీపులో ఏదో గుచ్చుకుంటోంది. ఇది బక్కోడి వీపు. అంటే బక్కోడి వీపుకి అచ్చు. చెత్త వేసే పెద్ద సంచీలో పొంగే నురగ పోసి, దాని మీద వాణ్ణి కూర్చోబెట్టి, గట్టిపడేదాకా కదలొద్దన్నాం. కాలుతోందిరా కాలుతోందిరా అని వాడు అరుస్తుంటే అందరం పొట్ట పట్టుకుని నవ్వాం, తర్వాత చూస్తే నిజంగానే నడుం ఎర్రగా కందిపోయింది. వాడి వెన్నుపూసలు ఒక్కొక్కటీ గుంటలై ఉన్నాయి ఇందులో. బరువు తక్కువని, రెండు చేతులతో పట్టుకుంటే నడుం అందేంత సన్నమని వాణ్ణి డ్రైవరుని చేశారు, తిండి ఎంత తిన్నా ఎటుపోతుందో తెలియని మనిషి. ఇప్పుడు నేను వాడి ఆకారంలో కూర్చుని ఉన్నాను. నా భుజాలు పట్టట్లేదు, నా కాళ్ళు పెడళ్ళని అందుకోవట్లేదు, వాడివైతే ఇంకో జానెడు ముందుకి వెళ్తాయి, సరిగ్గా ముందు చక్రాల మధ్యకి. ఆ రెండు ఆర్మ్‌ల మధ్య వాడి పిక్కలుంటాయి. ఎక్కినప్పటి నుంచీ నేను చూస్తున్నది అదే చోటు. మలుపులో బరువంతా ఒక చక్రం మీద పడుతుంది, ఇరవై రెండు చుట్లు, చుట్టుకి పధ్నాలుగు మలుపులు, ఆ కుర్చీ కాలు ఒక్కసారి విడిపోతే చక్రం లోపలికి మడుచుకుంటుంది, మడుచుకుని వచ్చేది ఎక్కడికో నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. చెప్పాను పెద్దన్నకి, చెవిన వేసుకోలేదు.

పెద్దన్న మా కెప్టెను. నాకంటే నాలుగు నెలలు చిన్నవాడే, కానీ అందరి మీదా పెత్తనం చేస్తాడు గనక, అందరి ఆకలీ కనుక్కుంటాడు గనక పెద్దన్న. బండి పక్కన గొంతుక్కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టాడు, చిన్నపిల్లల్ని బుజ్జగించినట్టు.

"పొద్దున బ్రేక్ టెస్టు అయింది కదా. నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకున్నాయి, చూశావు కదా. విరిగేదైతే అప్పుడే విరిగేది."

"ఒక్కసారి తట్టుకుంది. మూడొందలసార్లు తట్టుకోవాలి."

"ఏ వైపుదో చెప్పు పోనీ."

"తెలీదు."

"తెలీదా! ఏ వైపో తెలీదు, ఎవరు తీశారో తెలీదు, అసలు తీశారో లేదో తెలీదు. ఆ మాస్టారు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని వర్క్‌షాపంతా వెతికే మనిషి. ఏ పాత సామానోడికో వేసేసి ఉంటారు దాన్ని!"

"రంగు గీకి చూపించు. రెండూ బాగుంటే నీ కాళ్ళకి దణ్ణం పెట్టి లేస్తా."

గీకితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పచ్చ స్టిక్కరు పడ్డాక బండి మీద చెయ్యి వేస్తే, అదుగో ఇరవై అడుగుల దూరంలో నారింజ కోటు వేసుకుని నిలబడ్డ తనిఖీ ఆయనకి చెప్పాలి, ఆయన మళ్ళీ చూడాలి, లైన్లో మళ్ళీ నిలబడాలి, పన్నెండున్నర దాటిపోతుంది. కిందటేడు తనిఖీలోనే ఆగిపోయాం మేము, సీటు వెనక గోడ అర అంగుళం తక్కువైందని. బండిని ఎక్కించుకుని తిరిగి వెళ్తుంటే లారీ వెనక కూర్చుని పెద్దన్న ఏడ్చాడు, ఎవరూ చూడలేదనుకున్నాడు, నేను చూశాను. ఈ ఏడుతో వాడి చదువు అయిపోతుంది. నాకు తెలీదా? వాడు బతిమాలే బదులు తిట్టినా బాగుండు, తిడితే నాకు తేలిక. నాకు పట్టింపు లేదనుకుంటున్నారు వీళ్ళు. ఈ ఫ్రేములో నూట పన్నెండు అతుకులున్నాయి, నూట పన్నెండూ నావే, ముసుగులోంచి ఆ నీలిమంట కింద కరిగిన చుక్క ముందుకి జరుగుతుంటే ఊపిరి బిగబట్టి నేను చేసినవి, ఇది ట్రాక్ మీద తిరగాలని నాకున్నంత ఆశ ఇంకొకరికి ఉందంటే ఒప్పుకోను. అయినా లేవను.

నారింజ కోటాయనకి ఒక్క మాట చెబితే సరిపోతుంది, ఇంత నాటకం అక్కర్లేదు, ఆయనే ఆపేస్తాడు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. బయటివాళ్ళు చెబితే ఆపడం వేరు, మనం ఆపుకోవడం వేరు, వీళ్ళు నామీద నమ్మకంతో ఆపాలని నాకు పంతం. పన్నెండూ ఇరవై అయిదు దాకా చూస్తాను. అప్పటికీ వినకపోతే ఆయన్ని పిలుస్తాను, ఆ తర్వాత జన్మలో వీళ్ళు నా మొహం చూడకపోయినా సరే. అమ్మకి తెలిస్తే ఏమంటుంది? అమ్మ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది, అంచు మీద బొటనవేలు పోనిచ్చి, కళ్ళతో చూడకుండానే ఇక్కడ గరుకుంది అని చెప్పేస్తుంది. ఆ వేలు నాకూ వచ్చిందని నా గర్వం. పొద్దున ఫోన్ పెట్టగానే బండి కిందకి దూరి ఆరు అతుకులూ వేలితో తడిమాను, అన్నీ నున్నగా ఉన్నాయి, రంగు దట్టంగా ఉంది, నా వేలికేమీ తెలియలేదు. పానాతో తట్టి చూశాను, కుర్చీ రేకైతే చప్పుడు వేరేగా ఉండాలి, కానీ చుట్టూ పది ఇంజన్లు ఒకేసారి గొంతు చించుకుంటుంటే నా మాటే నాకు వినపడదు, ఇక పైపు మాటేం వినపడుతుంది. చేతులకి గ్రీజు అంటుకుని బయటికొచ్చాను, ఏం చెయ్యాలో తోచలేదు, అప్పుడు ఖాళీ సీటు కనిపించింది.

మొండితనం ఎక్కడినుంచొచ్చిందే నీకు, మా ఇంట్లో ఎవరికీ లేదు అంటాడు నాన్న. నాన్న బస్సు పాసులిచ్చే కౌంటర్లో గుమాస్తా, అద్దానికి చేసిన అరచేతంత కంతలోంచి ఊరంతటితో సర్దుకుపోయే మనిషి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా స్కూలు వ్యాను తలుపు గడియ విరిగింది. మలుపులో తలుపు దానంతటదే తెరుచుకునేది, పిల్లలందరికీ అదో ఆట, రోడ్డు కనిపిస్తుంటే కేరింతలు. నేను మర్నాడు ఎక్కనన్నాను. ఇంటి మెట్ల మీద కూర్చుండిపోయాను, వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు, కిటికీల్లోంచి పిల్లలు వెక్కిరిస్తున్నారు, ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి, నాన్న చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తలుపు ఒకసారి ఊపి చూశాడు, డ్రైవరుకి దణ్ణం పెట్టి ఏదో సర్దిచెప్పాడు, నన్ను ఎత్తుకుని వ్యానెక్కి, తలుపు పక్కన కూర్చుని, స్కూలు వచ్చేదాకా ఆ తలుపుని చేత్తో పట్టుకున్నాడు. వారం రోజులు అలాగే వచ్చాడు. రోజూ ఆఫీసుకి ఆలస్యమై అక్కడ మాటలు పడ్డాడు. అరచేతిలో రేకు అంచు కోసుకుని ఎర్రటి గీత, అమ్మ పసుపు రాస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. నన్ను నమ్మాడు, అది ఇప్పటికీ మర్చిపోలేను. కానీ ఆ గీత చూసినప్పుడల్లా అప్పుడూ ఒకటే అనిపించేది, ఇప్పుడూ అదే అనిపిస్తోంది, తలుపు పట్టుకోవడం ఏంటి నాన్నా, వ్యాను ఆపాలి కదా. ఆపమని అడగడానికి ఆయనకి మొహమాటం. నాకు లేదు. ఇంట్లో ఉన్న మొహమాటమంతా ఆయనే వాడేసుకున్నాడు, నా వంతు మిగల్లేదు.

చంకలో ఏదో పాకినట్టయి ఒళ్ళు జలదరించింది. కళ్ళు తెరిస్తే పుస్తకం! పోటీ నిబంధనలన్నీ పేజీ నంబర్లతో సహా అప్పజెప్పే పిల్ల, అందుకే పుస్తకమంటాం, నాకు రూమ్మేటు కూడా, నాకు ఎక్కడ చక్కిలిగింతలో దానికొక్కదానికే తెలుసు, ఆ రహస్యం ఇలా అమ్ముకుంది. నేను గిలగిలా కొట్టుకుని, నవ్వి, నవ్వుతూనే తిట్టి, బకిల్ మాత్రం వదల్లేదు. చుట్టూ చేరినవాళ్ళు కూడా నవ్వారు, ఒక్క క్షణం అందరం మామూలు మనుషులమయ్యాం, తర్వాత పుస్తకం ఉన్నట్టుండి చేతులు తీసేసి, "నిబంధన ప్రకారం డ్రైవరు అయిదు సెకన్లలో బయటికి రావాలే, నువ్వు నలభై నిమిషాలు తీసుకున్నావు" అని ముక్కు ఎగబీల్చింది. ఈలోపు పెద్దన్న, మా టీము బాధ్యత చూసే కాలేజీ సారుకి ఫోన్ కలిపాడు. సారు మమ్మల్ని ఇక్కడ దింపి ఏదో మీటింగుకని వెళ్ళారు. స్పీకరు పెట్టాడు, అందరం విన్నాం. "చూడండి, నేనిప్పుడు మాట్లాడే పరిస్థితిలో లేను, మీలో మీరు సర్దుకోండి" అని పెట్టేశారు. సర్దుకోండి. కడుపు మండిపోయింది నాకు, ఆ మాట ఎవరు కనిపెట్టారో గాని వాణ్ణి తీసుకొచ్చి ఈ సీట్లో కూర్చోబెట్టి ఆ ఆర్మ్‌ల మధ్య కాళ్ళు పెట్టించి ఇరవై రెండు చుట్లు తిప్పించాలి.

"నలభై ఏడు, మొదటి పిలుపు. నలభై ఏడు, గేటు దగ్గరికి రావాలి." మైకులో ఆడగొంతు, పాపం ఎంత మర్యాదగా పిలుస్తోందో. పన్నెండూ అయిదు. ఎండ షెడ్డు అంచు దాటి నా మోకాళ్ళ మీదికొచ్చింది, ఎడమకాలు ఎప్పుడో మొద్దుబారింది, చెప్పను, చెబితే అదే సందనుకుంటారు. భయమేస్తోంది నాకు. పొరపాటైతే? నిజంగానే ఏ పాత సామానోడో పట్టుకుపోయి ఉంటే? మాస్టారు అలవాటు ప్రకారం ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటే? రెండేళ్ళు, ఇరవై మూడు మంది, నా ఒక్కదాని అనుమానం. జీవితాంతం దెప్పుతారు, ఏ పెళ్ళిలో కలిసినా ఇదే కథ, దీని మూలంగానే ఆ రోజు, అని నవ్వుతూనే దెప్పుతారు, నేనూ నవ్వాలి. దెప్పనీ. బక్కోడు ఆ పెళ్ళికి రెండు కాళ్ళతో నడుచుకుంటూ వచ్చి ఎంత దెప్పినా పడతాను. అసలు వాడేడీ? వాడి కోసమే కదా ఈ యుద్ధమంతా, వాడొక్క మాట, ఒరేయ్ నేను దీంట్లో ఎక్కను, ముందు చూడండి అంటే అయిపోయేది. తల తిప్పి చూశాను. టైర్ల గుట్ట దగ్గర, రేసు సూటు నడుం దాకా దించుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని, నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. వీడు గంట నుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదు. రోజూ నోరు మూయించడానికి మాకు తలప్రాణం తోకకొచ్చేది. పోటీ భయం కాబోలనుకున్నాను.

రెండో పిలుపు వచ్చేసరికి పెద్దన్న ఓర్పు తెగింది. "సరే! గీకుతా! గీకి చూపిస్తా నీకు! కళ్ళారా చూసుకుని చావు!" అట్టపెట్టెలు కోసే కత్తి తీసుకుని ఎడమ చక్రం పక్కన బోర్లా పడుకున్నాడు, నారింజ కోటాయన ఇటు తిరిగాడు, తిరిగితే తిరగనీ, గరగరా గీకాడు. నల్లటి పొట్టు రాలింది. నేను బెల్టుల్లోంచి సాగి, మెడ చాపి చూశాను. మొదటి అతుకు, రెండోది, మూడోది. ఒకదాని మీద ఒకటి సర్దిన రేకుల్లా సన్నటి అలలు, మెరుస్తూ. నాదే, మంచి చేత్తో చేసింది. ఎంత అందంగా ఉందో. ఏడుపొచ్చేంత అందంగా ఉంది.

"చూశావా?" అన్నాడు పెద్దన్న. గొంతులో గెలిచిన సంతోషం లేదు, అలసట. "చూశావు కదా. ఇక లే. ఇంకా పది నిమిషాలుంది. నీకు పుణ్యముంటుంది, లే."

"కుడిది" అన్నాను.

ఎవరో ఛీ అన్నారు. ఎవరో పానానో దేన్నో నేలకేసి కొట్టారు. పుస్తకం కూడా మొహం తిప్పుకుంది. ఆ క్షణంలో ప్రపంచంలో నా వైపు ఒక్క మనిషి లేడు, నేను కూడా నా వైపు సగమే ఉన్నాను, నిజం చెప్పాలంటే వేళ్ళు బకిల్ మీదికి వెళ్ళాయి, నొక్కితే చాలు, ఆరు బెల్టులూ ఒక్కసారే ఊడిపోతాయి. ఎనిమిదేళ్ళప్పటి వ్యాను హారను చెవిలో మోగుతోంది. నొక్కలేదు. నారింజ కోటాయన్ని పిలుద్దామని నోరు తెరిచాను.

అప్పుడు బక్కోడు కదిలాడు. హెల్మెట్‌ని జాగ్రత్తగా టైరు మీద పెట్టి, వచ్చి, పెద్దన్న చేతిలోంచి కత్తి తీసుకుని, కుడి చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంగి చూడలేదు. తలెత్తి నావైపే చూస్తూ, కత్తి పట్టుకున్న చేతిని ఆర్మ్ కిందకి పోనిచ్చాడు. మూడు అతుకులుంటాయి, పైకి కనిపించేవి రెండు, మెడ చాపి చూస్తే గాని కనిపించనిది అడుగున ఒకటి. వాడి చెయ్యి తిన్నగా అడుగుదాని మీదకి వెళ్ళింది, చీకట్లో మన ఇంట్లో స్విచ్చు మీదకి వెళ్ళినట్టు, తడుముకోకుండా. నాకు అర్థమైంది. రంగు గీకకముందే అర్థమైంది. కత్తి ఒకసారి లాగితే నల్లరంగు వెనకాల తెల్లగా లప్పం రాలింది, గోడలకి పూసే లప్పం, నున్నగా అరగదీసి మరీ పూసిన లప్పం, అందుకే నా వేలికి తెలియలేదు. ఇంకోసారి లాగాడు. లప్పం పెచ్చులూడి నా తొలి అతుకు బయటపడింది, ఒకచోట బొడిపె, ఒకచోట గుంట, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు అపరిచితులు.

"టెస్టు రోజు మీరంతా పెట్రోలుకి వెళ్ళినప్పుడు ఇంకో నాలుగు చుట్లు కొట్టాను" అన్నాడు, నాతోనే, మిగతావాళ్ళు లేనట్టు. "పెద్దన్న వద్దన్నాడు. దారి పక్క సిమెంటు కట్టకి గుద్దాను. ఇది వంగిపోయింది. చెబితే పెద్దన్న నన్ను దింపేసి ఇంకొకణ్ణి ఎక్కిస్తాడు. బ్రేక్ టెస్టు తట్టుకుంటే చాల్లే అనుకున్నా. తట్టుకుంది కూడా."

"అసలుదేది?"

"హాస్టల్లో, మంచం కింద."

కుర్చీ పట్టుకున్నది వీడే, మేకు కొట్టింది వీడే, నన్ను ఏడవనివ్వకుండా దాన్ని గోడ మీద పెట్టింది వీడే. వాడి కాళ్ళ కోసం నేను ఊరందరితో తగువు పడుతుంటే, ఏ చోట చూడాలో తెలిసి, టైర్ల పక్కన నిలబడి నేల చూస్తున్నాడు. కోపం రాలేదనుకునేరు, వచ్చింది, స్టీరింగ్ వాడి నెత్తి మీద వేద్దామన్నంత కోపం వచ్చింది, దానితోపాటే ప్రాణం కుదుటపడింది, రెండూ ఒకేసారి వస్తే మనిషికి ఏం చెయ్యాలో తెలీదు. పెద్దన్న మాత్రం జాకీ ఎక్కించి, బోల్టులు విప్పి, ఆర్మ్ బయటికి లాగి, రెండు టైర్ల మధ్య అడ్డంగా పెట్టాడు. వాడికింకా ఆశ, చూడ్డానికి బాగాలేకపోయినా గట్టిగానే ఉందేమోనని, అది వాడి మొహంలో కనిపించి నాకు జాలేసింది. ఒక కాలు వేశాడు. ఏమీ కాలేదు. నావైపు చూశాడు. రెండో కాలు కూడా ఎత్తి దానిమీద నిలబడ్డాడు. పెన్సిల్ విరిగినంత చప్పుడైంది, అంతే, ఇంజన్ల గోలలో మాకు తప్ప ఎవరికీ వినపడలేదు. పెద్దన్న టైర్ల మధ్య కూలబడి అలాగే కూర్చుండిపోయాడు.

"నలభై ఏడు, ఆఖరి పిలుపు." మర్యాదగానే పిలిచింది. పెద్దన్న లేచి, నారింజ కోటాయన దగ్గరికి తనే నడిచి వెళ్ళి, చేతులు ఊపుతూ ఏదో చెప్పాడు, ఆయన తలాడించి వచ్చి బండి ముక్కు మీద పచ్చ స్టిక్కరు గోటితో గిల్లి పీకేశాడు. గేటు మూసిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. పక్క కాలేజీల వాళ్ళు ఒక్కొక్కళ్ళే జారుకున్నారు, చూడ్డానికి ఇంకేం లేదు. పుస్తకం వచ్చి బకిల్ నొక్కి నా బెల్టులు ఒక్కొక్కటే పక్కకి తప్పించింది. పెద్దన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఈసారి ఎవరు చూసినా దాచుకోలేదు.

"ఇప్పుడైనా లేస్తావా, తల్లీ?"

"లేవలేను" అన్నాను. "కాళ్ళు తిమ్మిరెక్కాయి."

ఎవరో ఫక్కున నవ్వారు, అది ఏడుపులాగే ఉంది. బక్కోడు రెండు చేతులూ చాచాడు. వాడి అరచేతుల నిండా తెల్లటి లప్పం. నేను స్టీరింగ్ వాడికివ్వలేదు, పెద్దన్నకిచ్చి, అప్పుడు పట్టుకున్నాను ఆ చేతుల్ని, గోళ్ళు దిగేలా పట్టుకున్నాను, ఈ జన్మలో మర్చిపోకూడదని. వాడు అబ్బా అనలేదు. లాగాడు. నేను వాడి ఆకారంలోంచి ఊడి బయటికొచ్చి, మొద్దుబారిన కాళ్ళతో వాడి మీదే వాలాను. కిందకి చూస్తే నా కాళ్ళు తూలుతున్నాయి, వాడివి మాత్రం రెండూ నేల మీద గట్టిగా ఆనుకుని ఉన్నాయి, నా బరువు కూడా మోస్తూ.

"వచ్చే ఏడు డ్రైవరు సీటు దగ్గరికి కూడా రానివ్వను నిన్ను" అన్నాను వాడి భుజం మీదే. "వస్తే మళ్ళీ కూర్చుంటా."